లెక్కలోకి రాని యౌవనం

ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లిన రోగికి మొట్టమొదట ఎదురయ్యేది వైద్యుడు కాదు, చీటీ రాసే గుమాస్తా. పేరేమిటి, వయస్సెంత, స్త్రీయా పురుషుడా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి, చీటీ పుచ్చుకొని మనం ముందుకు సాగిపోతాము. అందుకు అర నిమిషమైనా పట్టదు. కాని ఆ మొదటి ప్రశ్న దగ్గర, మూడవ ప్రశ్న దగ్గర ఆగిపోయేవారు కొందరున్నారు. ఇంట్లో పెట్టిన పేరు ఒకటి, తనదని తాను భావించే పేరు మరొకటి. గుర్తింపు కాగితంలో ఉన్న లింగం ఒకటి, తన మనస్సుకు తెలిసినది మరొకటి. వెనుక నిలబడినవారు నవ్వుతారు. గుమాస్తా తలెత్తి ఎగాదిగా చూస్తాడు. ఆ యువవ్యక్తి మరొకసారి అదే వరుసలో నిలబడడానికి జంకితే, చిన్న జ్వరం పెద్ద జబ్బుగా ముదరవచ్చు. అప్పుడు ఆ జబ్బుకు కారణమేమిటని అడిగితే వైద్య గ్రంథంలో దొరికే జవాబు సగం మాత్రమే. మిగిలిన సగం ఆ వరుసలో ఉన్నది.

ఈ మిగిలిన సగాన్ని వెతికి, కొలిచి, నలుగురి ముందుంచడానికి కొందరు పరిశోధకులు అనేక దశాబ్దాలుగా శ్రమిస్తున్నారు. వారి కృషి ఏమిటో, అందులో తేలిన నిజాలేమిటో, మన దేశానికి వాటితో ఎటువంటి సంబంధమున్నదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. స్వలింగ ప్రియులైన స్త్రీలు, పురుషులు, ఇరువురి పట్ల ఆకర్షణ గలవారు, పుట్టిననాడు నమోదైన లింగానికి భిన్నమైన లింగ స్పృహ గల ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, వీరందరినీ కలిపి ఎల్.జి.బి.టి.క్యూ. అన్న పొడి అక్షరాలతో పేర్కొనడం నేడు ప్రపంచమంతటా పరిపాటి అయింది. సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో వారిని లైంగిక అల్పసంఖ్యాకులు అని పేర్కొందాము. మన దేశంలో తరతరాలుగా గురుశిష్య సంప్రదాయంతో జీవిస్తున్న హిజ్రాలు కూడ ఈ విశాల సమూహంలోనివారే.

తేడా వేరు, అన్యాయం వేరు

మనుషుల ఆరోగ్యంలో తేడాలుండడం సహజం. డెబ్బది ఏళ్ల వృద్ధునికి ఇరవై ఏళ్ల యువకుని కన్న మోకాళ్ల నొప్పులు ఎక్కువ. దీనిని ఎవరూ అన్యాయమనరు. కాని కొన్ని తేడాలు వేరు రకానివి. 2019-21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో షెడ్యూల్డు తెగల కుటుంబాలలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 50 మంది అయిదేళ్లు నిండకుండానే మరణిస్తున్నారు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు, వెనుకబడిన తరగతులకు చెందని కుటుంబాలలో ఈ సంఖ్య సుమారు 33. పుట్టిన బిడ్డ శరీరానికి కులం తెలియదు. ఈ పదిహేడుగురి తేడాకు కారణం రక్తంలో లేదు. ఆసుపత్రి ఉన్న దూరంలో, తల్లి తిన్న తిండిలో, తాగిన నీటిలో, ఆమెతో మాట్లాడిన తీరులో ఉన్నది.

తప్పించదగినదై ఉండి, అనవసరమైనదై, అన్యాయమైనదైన తేడానే ఆరోగ్య అసమానత అనాలని బ్రిటిష్ పరిశోధకురాలు మార్గరెట్ వైట్‌హెడ్ 1990 ప్రాంతంలో నిర్వచించారు. ఈ నిర్వచనంలో ఒక బాధ్యత ఇమిడి ఉన్నది. తప్పించదగినది అని తేలిన తరువాత తప్పించకపోవడం సమాజం చేసే తప్పు అవుతుంది. కాబట్టి పరిశోధకుని పని రెండింతలైనది: తేడా ఉన్నదని చూపాలి, అది ఎక్కడ పుడుతున్నదో కూడ చూపాలి.

వ్యాధి అన్న ముద్ర

లైంగిక అల్పసంఖ్యాకుల విషయంలో ఈ రెండవ పని చాలాకాలం మొదలే కాలేదు. ఎందుకనగా ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగం వరకు వారి స్వభావమే వ్యాధి అని మనోవైద్య శాస్త్రం భావించింది. రోగం వారే అయినప్పుడు వారికి రోగమెందుకు వచ్చిందన్న ప్రశ్నకు తావెక్కడిది?

ఈ భావనను మొదట శాస్త్రీయంగా పరీక్షించినవారిలో అమెరికా మనస్తత్వవేత్త ఎవెలిన్ హూకర్ ముఖ్యురాలు. అంతకు పూర్వం జరిగిన పరిశీలనలు చాలావరకు ఆసుపత్రులలో, జైళ్లలో ఉన్నవారిపైన జరిగినవే. బాధలో ఉన్నవారిని మాత్రమే చూసి ఒక సమూహమంతా రోగగ్రస్తమని తేల్చడం ఎంత తప్పో ఆమె గ్రహించారు. సాధారణ జీవితం గడుపుతున్న 30 మంది స్వలింగ ప్రియులైన పురుషులను, వయస్సులో, విద్యలో, బుద్ధిసూచికలో వారికి సాటివచ్చే మరి 30 మంది పురుషులను ఎన్నుకొని, ఆనాడు వాడుకలో ఉన్న మూడు మానసిక పరీక్షలు జరిపారు. ఎవరు ఎవరో తెలియకుండా ఫలితాలను ఆ రంగంలోని నిపుణుల ముందుంచారు. ఏ కాగితం ఎవరిదో వారు గుర్తించలేకపోయారు. మానసిక స్వస్థతలో ఇరుపక్షాలకు భేదం కనిపించలేదు. 1957లో ఈ ఫలితాలు ప్రచురితమైనాయి.

ఒక పరిశోధనతో లోకం మారదు. అయినా దారి ఏర్పడింది. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘం స్వలింగ ప్రియత్వాన్ని మానసిక వ్యాధుల పట్టిక నుండి తొలగించింది. 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ కూడ అదే పని చేసింది. 2019లో ఆమోదం పొందిన తరువాతి వర్గీకరణలో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల లింగ స్పృహకు సంబంధించిన అంశాన్ని మానసిక వ్యాధుల అధ్యాయం నుండి తప్పించి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చారు.

రోగం ఎక్కడ పుడుతున్నది?

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. స్వభావం వ్యాధి కాదని తేలింది. మరి ఈ యువజనులలో కుంగుబాటు, ఆందోళన, మత్తు పదార్థాల వాడకం, ఆత్మహత్యా యత్నాలు ఇతరులలో కన్న ఎక్కువగా ఎందుకు కనబడుతున్నాయి?

అమెరికాలో పనిచేసిన ఇలాన్ మేయర్ అన్న పరిశోధకుడు దీనికి ఒక సమాధానమిచ్చారు. న్యూయార్క్ నగరంలోని 741 మంది స్వలింగ ప్రియులైన పురుషులపై జరిపిన అధ్యయనాన్ని ఆయన 1995లో ప్రకటించారు. 2003లో తన సిద్ధాంతానికి సమగ్ర రూపమిచ్చారు. దీనిని అల్పసంఖ్యాక ఒత్తిడి సిద్ధాంతం అంటారు. దాని సారాంశం ఇది. బతుకులో అందరికీ ఉండే ఒత్తిళ్లు, అనగా పరీక్షలు, ఉద్యోగం, డబ్బు ఇబ్బంది, వీరికీ ఉంటాయి. వాటిపైన మరికొన్ని అదనంగా చేరుతాయి. మొదటిది, బయటినుండి వచ్చే దెబ్బ: వెక్కిరింత, కొట్టడం, ఇంటినుండి వెళ్లగొట్టడం. రెండవది, ఆ దెబ్బ ఎప్పుడు పడుతుందోనన్న నిరంతర భయం. మూడవది, తన స్వభావాన్ని దాచుకోవడానికి అనుక్షణం పడే శ్రమ. నాలుగవది, అన్నిటికన్న లోతైనది: లోకం తన గురించి అనే మాటలనే తానూ నమ్మి, తన్ను తానే అసహ్యించుకోవడం.

దెబ్బ ఒక్కసారి పడినా, భయం రోజూ ఉంటుంది. గాయం మానినా, దాచుకునే శ్రమ మానదు. ఈ అదనపు బరువే క్రమంగా రోగమై కనబడుతున్నదని మేయర్ ప్రతిపాదించారు. మిత్రుల అండ, తనవంటివారితో సాంగత్యం ఆ బరువును తగ్గిస్తాయని కూడ ఈ సిద్ధాంతం చెబుతున్నది.

ఈ బరువు అందరిపైన ఒకే విధంగా పడదు. ఒక మనిషిపై రెండు మూడు వివక్షలు కలిసి పడినప్పుడు అవి వేరువేరుగా గాక ఒకదానితో ఒకటి పెనవేసుకొని పనిచేస్తాయని అమెరికా న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్షా 1989లో వివరించారు. నల్లజాతి స్త్రీల అనుభవం నుండి పుట్టిన ఈ ఆలోచన మనకూ వర్తిస్తుంది. నగరంలో సొంత గది, సొంత జీతం ఉన్న యువకుని దాపరికం వేరు. పల్లెలో ఒకే గది ఇంట్లో ఆరుగురితో ఉండే దళిత యువకుని దాపరికం వేరు. ఒకరికి తలుపు మూసుకునే వీలున్నది. మరొకరికి తలుపే లేదు.

ఇల్లు, బడి, శాసనం

పరిశోధకులు యువజనులపై ప్రత్యేకంగా దృష్టి నిలపడానికి బలమైన కారణమున్నది. పెద్దవాడు ఊరు విడిచి వెళ్లగలడు, ఉద్యోగం మారగలడు. పదిహేనేళ్ల బాలునికి అన్నం పెట్టేది ఇల్లు, పేరు పిలిచేది బడి. ఆ రెండూ కాదన్నప్పుడు అతనికి మూడవ చోటు లేదు.

ఇంటి ప్రభావాన్ని కొలిచినవారిలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన కేట్లిన్ రయాన్ బృందం ప్రసిద్ధమైనది. 21 నుండి 25 ఏళ్ల వయస్సు గల 224 మందిని వారు ప్రశ్నించారు. కౌమారంలో మీ స్వభావం తెలిసినప్పుడు తల్లిదండ్రులు ఏమన్నారు, ఏమి చేశారు అని అడిగి, ఆ తిరస్కారాన్ని హెచ్చుతగ్గులుగా విభజించారు. 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తీవ్రమైన తిరస్కారానికి గురైనవారిలో ఆత్మహత్యా యత్నం జరిగి ఉండే అవకాశం, తిరస్కారం లేనివారిలో లేక స్వల్పంగా ఉన్నవారిలో కన్న 8.4 రెట్లు ఎక్కువ. తీవ్రమైన కుంగుబాటు 5.9 రెట్లు ఎక్కువ. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. పోల్చినది లైంగిక అల్పసంఖ్యాకులను ఇతరులతో కాదు, వారిలో వారినే. స్వభావం అందరిదీ ఒకటే. తేడా ఇంటిలో ఉన్నది.

పేరు విషయమై జరిగిన మరొక అధ్యయనం చిన్నదే గాని ఆలోచింపజేసేది. 2018లో స్టీఫెన్ రసెల్ బృందం 129 మంది ట్రాన్స్‌జెండర్, తదితర యువజనులను ప్రశ్నించింది. తాము ఎంచుకొన్న పేరుతో ఇంట్లో, బడిలో, పనిచేసే చోట, స్నేహితుల మధ్య పిలిపించుకోగలుగుతున్నారా అన్నదే ముఖ్య ప్రశ్న. ఆ నాలుగు చోట్ల ఎన్ని చోట్ల ఆ పేరు చెల్లితే కుంగుబాటు, ఆత్మహత్యా భావన అంతగా తగ్గినట్లు కనబడింది. పైసా ఖర్చులేని మందు ఇది.

విద్యార్థులు ఇక్కడ ఒక సందేహం వెలిబుచ్చవచ్చు. రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పవచ్చునా? చెప్పరాదు. బాధలో ఉన్న యువకుడు గతాన్ని మరింత చేదుగా జ్ఞాపకం చేసుకొని ఉండవచ్చు. అందువల్ల పరిశోధకులు మరొక మార్గం వెతికారు. అమెరికాలో వివాహ చట్టాలు రాష్ట్రానికొక విధంగా, వేరువేరు సంవత్సరాలలో మారినాయి. ఇది ఎవరూ ఉద్దేశించి చేయని ప్రయోగం వంటిది. మార్క్ హాట్జెన్‌బ్యూలర్ బృందం 2010లో ప్రకటించిన అధ్యయనంలో, స్వలింగ వివాహాలను నిషేధించిన రాష్ట్రాలలోని స్వలింగ, ద్విలింగ ప్రియులలో కుంగుబాటు వంటి మనోవ్యాధులు నిషేధానంతరం 36.6 శాతం పెరిగినట్లు తేలింది. 2017లో జూలియా రైఫ్‌మన్ బృందం 1999 నుండి 2015 వరకు ఏడున్నర లక్షలకు పైగా పాఠశాల విద్యార్థుల సమాధానాలను పరిశీలించి, అటువంటి వివాహాలను అనుమతించిన రాష్ట్రాలలో విద్యార్థుల ఆత్మహత్యా యత్నాలు 7 శాతం, లైంగిక అల్పసంఖ్యాక విద్యార్థులలో 14 శాతం తగ్గినట్లు చూపింది.

ఆ విద్యార్థులలో పెండ్లి ఈడుకు వచ్చినవారు బహు స్వల్పం. అయినా శాసనం వారి ప్రాణాన్ని తాకింది. నీవు కూడ ఈ దేశపు బిడ్డవే అని రాజ్యం చెప్పిన మాట, ఆ మాటతో తమకు అప్పటికి ఏ పనీ లేని పిల్లల చెవులకు కూడ సోకిందన్నమాట.

లెక్క అంటే భయం

ఈ అధ్యయనాలన్నీ పరదేశానివని పాఠకులు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ సబబైనదే. మన ప్రాంతంలో ఇటువంటి పరిశోధనలు ఆలస్యంగా, తక్కువగా జరగడానికి ఒక చారిత్రక కారణమున్నది. ఇక్కడ లెక్క అన్నది మొదట పోలీసుల చేతిలోని పుస్తకంగా ప్రవేశించింది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టంలో రెండవ భాగం పూర్తిగా నపుంసకులని వారు పేర్కొన్నవారి కోసం ఉద్దేశించినది. వారి పేర్లను పట్టికలో నమోదు చేయడం, ఆస్తిపాస్తుల వివరాలు రాబట్టడం, స్త్రీవేషంలో బహిరంగంగా కనబడితే శిక్షించడం అందులోని అంశాలు. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అనగా 1919లో, ఇదే ధోరణిలో ఒక చట్టం వచ్చింది. స్త్రీవేషం ధరించి బహిరంగ స్థలంలో ఆడిపాడినందుకు వారంటు లేకుండానే నిర్బంధించే అధికారం అది పోలీసులకు ఇచ్చింది. నిజాం రాజ్యం పోయినా ఈ చట్టం శాసన గ్రంథంలో మిగిలిపోయింది. 2018లో దాఖలైన పిటిషనుపై 2023 జులైలో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇస్తూ, అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. శతాబ్దానికి పైగా ఒక పట్టిక భయం నిలిచి ఉన్నదన్నమాట.

పేరు రాయించుకోవడమంటే పట్టుబడడమే అని తరతరాలుగా నేర్చుకొన్న సమూహం, జనాభా లెక్కల గుమాస్తా తలుపు తట్టినప్పుడు నిజం చెబుతుందా? దక్షిణాసియా దేశాల అంకెలు చూస్తే సమాధానం తెలుస్తుంది. మన దేశంలో 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుష గడులకు తోడు ఇతరులు అన్న గడిలో నమోదైనవారు 4,87,803 మంది. పాకిస్తాన్‌లో 2017 లెక్కల తొలి ఫలితాలలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు 10,418 మంది. నేపాల్‌లో 2021లో 2,928 మంది. బంగ్లాదేశ్‌లో 2022లో 12,629 మంది. కోట్లాది జనాభా గల దేశాలలో ఈ చిన్న అంకెలు వారి సంఖ్య కన్న వారి భయాన్నే ఎక్కువగా తెలుపుతున్నవి. పైగా ఇంటి వివరాలు చెప్పేది ఇంటి పెద్ద. తన బిడ్డ గురించి తాను ఒప్పుకోని విషయాన్ని ఆయన గుమాస్తాకు చెప్పడు.

అయినా ఆ కొద్దిపాటి లెక్క కూడ ఒక నిజాన్ని బయటపెట్టింది. 2011లో దేశం మొత్తానికి అక్షరాస్యత 74 శాతం కాగా, ఇతరులలో అది సుమారు 56 శాతం. చదువు ఎక్కడ ఆగిపోయిందన్న ప్రశ్నకు తమిళనాడులో యునెస్కో ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన అధ్యయనం కొంత జవాబిస్తుంది. లైంగిక అల్పసంఖ్యాకులకు చెందిన 371 మందిని ప్రశ్నించగా, మాధ్యమిక, ఉన్నత పాఠశాలలలో శారీరక వేధింపుకు గురైనవారు 60 శాతం. పాఠశాల అధికారులకు ఫిర్యాదు చేసినవారు 18 శాతం మాత్రమే. సుమారు మూడింట ఒక వంతు, వేధింపు కారణంగా చదువు మానుకోవలసి వచ్చిందని చెప్పారు. చదువు పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం లేనివారికి వైద్యం భారమవుతుంది. ఆ విధంగా తరగతి గదిలోని వెక్కిరింత ఆసుపత్రి మంచం దాకా నడిచి వస్తున్నది.

దాగినవారిని చేరే దారి

భయపడి దాగినవారిని పరిశోధకుడు ఎట్లా చేరగలడు? ఇంటింటికీ తిరిగే సర్వే వారికి పనికిరాదు. 1997లో డగ్లస్ హెకథార్న్ రూపొందించిన గొలుసు పద్ధతి నేడు ఎన్నో దేశాలలో వాడుకలో ఉన్నది. మొదట కొద్దిమందిని సంప్రదిస్తారు. వారు తమకు తెలిసిన మరికొందరికి చీటీలు అందజేస్తారు. ఆ చీటీ పుచ్చుకొన్నవారు ఇష్టమైతే స్వయంగా వచ్చి సమాధానాలిస్తారు. ఎవరి పేరూ ఎవరూ పరిశోధకునికి చెప్పనక్కరలేదు. ఎక్కువమంది పరిచయస్థులున్నవారు నమూనాలో ఎక్కువగా వచ్చే దోషాన్ని గణితంతో సరిచేస్తారు.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో మరొక ధర్మసంకటం ఉన్నది. సాధారణ నియమం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. కాని ఈ అధ్యయనానికి అనుమతి కోరడమంటే బిడ్డ రహస్యాన్ని ఇంట్లో బయటపెట్టడమే. తీసుకోకపోతే నియమభంగం, తీసుకొంటే బిడ్డకు అపాయం. అందువల్ల అనేక అధ్యయనాలు రయాన్ బృందం వలె పెద్దవారైన తరువాత వారి కౌమారాన్ని గురించి అడుగుతాయి. అత్యంత బలహీనమైన వయస్సును గురించి మనకు తెలిసినది జ్ఞాపకాల ద్వారా తెలిసినదే ఎక్కువ అన్న పరిమితిని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

మన దేశంలో ఇటువంటి లెక్కలకు మొదటి అవకాశం ఎయిడ్స్ నివారణ కార్యక్రమం కల్పించింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2014-15లో జరిపిన సర్వేలో హెచ్.ఐ.వి. సోకినవారు హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో 7.5 శాతం, పురుషులతో సంబంధం గల పురుషులలో 4.3 శాతం. 2015 అంచనాల ప్రకారం వయోజనులందరిలో అది 0.26 శాతం. ఈ అంకెలు వ్యాధిని అరికట్టడానికి ఎంతో తోడ్పడినాయి. అయితే ఒక లోపం కూడ జరిగింది. ఈ ప్రజల ఆరోగ్యమంటే హెచ్.ఐ.వి. ఒక్కటే అన్న భావం ఏర్పడింది. మనోవేదన, పోషణ, మధుమేహం, వృద్ధాప్యం, ఇవన్నీ మరుగునపడినాయి.

శాసనమూ వైద్యమూ

వైద్యానికి చట్టం అడ్డు నిలవడం ఎట్లుంటుందో మన దేశ చరిత్రే చూపింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను నీడలో, 2001 జులైలో లక్నో నగరంలో ఎయిడ్స్ నివారణకు కృషి చేస్తున్న కార్యకర్తలనే పోలీసులు నిర్బంధించారు. వారు నలభై రోజులకు పైగా జైలులో ఉన్నారు. అదే సంవత్సరం ఢిల్లీ హైకోర్టులో దాఖలైన వ్యాజ్యానికి ముఖ్య వాదం కూడ ఆరోగ్యమే: నేరస్థునిగా ముద్రపడుతుందన్న భయంతో రోగి వైద్యుని వద్దకు రావడం లేదు. 2009లో హైకోర్టు ఈ వాదాన్ని అంగీకరించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, ఇష్టపూర్వకంగా వయోజనుల మధ్య ఉండే సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా ప్రకటించింది.

ఈలోగా 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆసుపత్రులలో వారికి తగిన వైద్య సదుపాయం కల్పించవలసిందిగా ప్రభుత్వాలను ఆదేశించింది. అంతకు ముందే, 2007 డిసెంబరులో, నేపాల్ సుప్రీంకోర్టు ఇటువంటి గుర్తింపునిచ్చి దక్షిణాసియాలో మార్గదర్శకమైనది. మన పార్లమెంటు 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, లైంగిక స్వభావం కారణంగా మానసిక వైద్యంలో వివక్ష చూపరాదని స్పష్టంగా పేర్కొన్నది. 2021లో మద్రాసు హైకోర్టు, స్వభావాన్ని మారుస్తామని చెప్పి చేసే చికిత్సలను నిషేధించవలసిందిగా ఆదేశించింది. దరిమిలా 2022లో జాతీయ వైద్య కమిషన్ అటువంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. లేని రోగానికి మందు వేయడమే ఒక రోగకారణమని ఆ విధంగా వైద్యవృత్తి ఒప్పుకొన్నట్లయినది.

హైదరాబాదు నేర్పిన పాఠం

శాసనం తలుపు తెరుస్తుంది; లోపల వైద్యుడు కూర్చుని ఉండాలి. 2021 జనవరిలో హైదరాబాదు నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ అన్న పేరుతో ఒక చిన్న వైద్యశాల వెలసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం, వారి చేతనే నడుపబడే సమగ్ర వైద్యశాలలలో మన దేశంలో ఇదే మొదటిదిగా పేరు పొందింది. హెచ్.ఐ.వి. పరీక్షలతో పాటు సాధారణ రోగాలకు చికిత్స, హార్మోను వైద్యంపై సలహా, మనోధైర్యం చెప్పే సంభాషణ అక్కడ లభించేవి. అన్నిటికన్న మిన్న, చీటీ రాసేవారు తలెత్తి ఎగాదిగా చూడరు. ఎందుకనగా వారూ ఒకనాడు ఆ వరుసలో నిలబడినవారే.

అయితే ఈ వైద్యశాలకు ఆధారం అమెరికా ప్రభుత్వ సహాయ నిధి. 2025 జనవరిలో ఆ దేశం విదేశీ సహాయాన్ని నిలిపివేయగా వైద్యశాల మూతపడింది. అదే సంవత్సరం మే నెలలో టాటా ట్రస్టుల తోడ్పాటుతో సబ్‌రంగ్ క్లినిక్ అన్న పేరుతో మళ్లీ తెరుచుకొన్నది. మూసిన తలుపు తెరుచుకోవడం సంతోషదాయకమే. కాని ఆ మధ్యకాలంలో క్రమం తప్పకుండా మందు వాడవలసినవారి సంగతి ఏమిటి? ఎక్కడో సముద్రాల ఆవల తీసుకొన్న ఒక నిర్ణయం మన వీధిలోని రోగి మాత్రను ఆపగలిగినప్పుడు, ఆ ఆరోగ్యానికి ఇంకా పునాది పడలేదనే చెప్పాలి. ప్రజల ఆరోగ్యం ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రభుత్వ బడ్జెటులో స్థానం పొందినప్పుడే స్థిరపడుతుంది. 2022 చివర హైదరాబాదులోని ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు నియమితులు కావడం ఆ దిశలో పడిన ఒక అడుగు.

మన వంతు

ఇంతవరకు చెప్పుకొన్న పరిశోధనల సారాంశం ఒక్కటే. ఈ యువజనుల రోగానికి మూలం వారి స్వభావంలో లేదు. వారి పట్ల మన ప్రవర్తనలో ఉన్నది. ఇది మనకు సిగ్గు కలిగించే సత్యం. ఆశ కలిగించే సత్యం కూడ. స్వభావాన్ని మార్చడం ఎవరికీ సాధ్యం కాదు. ప్రవర్తనను మార్చుకోవడం అందరికీ సాధ్యం.

తల్లిదండ్రులు తమ బిడ్డ మాట వినగానే సంతోషపడనక్కరలేదు. ఇంటినుండి వెళ్లగొట్టకపోతే, కొట్టకపోతే, నీవు నా బిడ్డవే అన్న మాట ఒకటి చెప్పగలిగితే అది ప్రాణరక్షణ అవుతుంది. ఉపాధ్యాయుడు తరగతిలో వెక్కిరింత విన్నప్పుడు విననట్లు నటించకుండా ఉంటే చాలు, ఒక చదువు నిలబడవచ్చు. తోటి విద్యార్థి ఒక పేరును గౌరవంగా పలికితే చాలు. మనోవేదనలో ఉన్న యువజనులు గాని, వారి మిత్రులు గాని, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 అన్న ఫోను నెంబరు ద్వారా సంప్రదించవచ్చు.

జాతీయ సమైక్యతను గురించి మనం మాట్లాడేటప్పుడు సాధారణంగా మతాలను, భాషలను, ప్రాంతాలను తలచుకొంటాము. ఒకే ఇంటి లోపల, ఒకే కంచం దగ్గర జరిగే వేర్పాటును తలచుకోము. రాజ్యాంగంలోని 14వ అధికరణం సమానత్వాన్ని, 21వ అధికరణం జీవించే హక్కును ప్రతి వ్యక్తికి ప్రసాదించాయి. ఆ అధికరణాలలో గడులు లేవు.

ఒకనాడు ఈ దేశంలో ఈ ప్రజల పేర్లు రాసుకొన్న పుస్తకం వారిని పట్టుకోవడానికి ఉపయోగపడింది. నేడు పరిశోధకులు తెరిచిన పుస్తకం వారిని కాపాడడానికి ఉద్దేశించినది. రెండింటిలోనూ ఉండేది పేర్లూ, అంకెలే. మొదటి పుస్తకపు భయం పోయి రెండవ పుస్తకంపై నమ్మకం కుదిరిన రోజున ఆ యువవ్యక్తి ఆసుపత్రి వరుసలో తలెత్తుకొని నిలబడి, మూడు ప్రశ్నలకూ అర నిమిషంలో జవాబు చెప్పగలడు.